కార్తీకంలో పూసిన చుక్కలు

గోలంతా ఫోన్లో మొదలైంది. కొంగలగుట్ట మీద ఉన్న విశ్వకిరణ పరిశోధన కేంద్రం నుంచి డాక్టర్ హైమవతి గుట్ట కింది ఊరి సర్పంచికి ఫోన్ చేసి, "మీ ఊళ్ళో మంచి కళ్ళు ఎవరివండీ? చీకట్లో బాగా పనిచేసేవి కావాలి. రేపు పొద్దున్నే పంపించండి" అంది. గుట్ట మీద సిగ్నలు సగమే వస్తుంది. ఆ సగంలో 'ళ' కాస్తా 'ల' అయి కూర్చుంది.

సర్పంచి తిన్నగా కల్లు గీసే బుచ్చిమల్లు గౌడ్ ఇంటికి పోయాడు. "మల్లన్నా, గుట్టమీది మేడంకు మంచి కల్లు గావాల్నట. చీకట్ల బాగ పనిచేసేది గావాల్నట. రేపు పొద్దుగాలనే."

"సదువుకున్నోళ్ళు గద" అని మెచ్చుకున్నాడు బుచ్చిమల్లు. "ఏ టైముల పనిజెయ్యాల్నో గూడ చెప్పి అడుగుతున్నరు."

మర్నాడు తెల్లవారకముందే తాటిచెట్లెక్కి, కల్లు దింపి, రెండు లొట్ల నిండా పోసి మోపెడ్‌కు కట్టుకొని గుట్టెక్కాడు. హైమవతి బయటికొచ్చి లొట్ల వంకా ఆయన వంకా మార్చి మార్చి చూసింది. యాభై దాటిన మనిషి, గోదావరి అవతలి నుంచి వచ్చి ఈ గుట్ట మీద స్థిరపడ్డ శాస్త్రవేత్త.

"ఇవేంటండీ?"

"మీరడిగినయే మేడం. ఇంక పులుపు గూడ తిరగలె."

"నేనడిగింది కళ్ళండీ."

"ఇది కల్లే మేడం. సుక్క నీళ్ళు కలిసినయని ఎవడన్న రుజువు చేస్తె నా పేరు మార్చుకుంట."

లోపల గాజుపలకలు తుడుస్తున్న వీరేశం నవ్వాపుకోలేక బయటికొచ్చాడు. అదే ఊరివాడు, బుచ్చిమల్లుకు వరసకు తమ్ముడు, కేంద్రంలో పలకలకు జిగురు కాచి పూసేవాడు. "అన్నా, మేడం అడిగేది లొట్లె ఉండేది గాదు. రెప్పల కింద ఉండేది."

తెలుగులో ఒక్క అక్షరం తేడాతో కొంపలు మునగడం కొత్త కాదు. ఈ తేడా మాత్రం అక్కడికక్కడే నవ్వులతో తేలిపోయింది. తేలిపోయిందనే అందరూ అనుకున్నారు. ఎందుకంటే హైమవతి కూడా నవ్వి, "చీకట్లో తాళ్ళెక్కి దిగొచ్చారా? అయితే మీ కళ్ళు ఒకసారి చూడనివ్వండి" అంటూ ఆయన్ను చీకటిగదిలోకి తీసుకుపోయింది. గదిలో అరగంట కూర్చోబెట్టి, నలుసంత వెలుగుల్ని మినుకుమనిపిస్తూ లెక్కపెట్టమంది. అంతకుముందు పట్నం కుర్రాళ్ళు సగమైనా పట్టలేని వాటిని బుచ్చిమల్లు ఒక్కటీ వదల్లేదు. కల్లు అమ్మబోయినవాడు కళ్ళు అద్దెకిచ్చి ఇంటికొచ్చాడు. "కంటితోని చేసే నౌకరి గాబట్టే దీన్ని కంట్రాక్టు అంటరు" అని ఊరంతా చెప్పుకున్నాడు.

పని ఏమిటో హైమవతి మొదటిరోజే చెప్పింది. ఆకాశంలో కంటికి కనబడే దానికంటే కనబడని పదార్థమే ఎక్కువట. చీకటి పదార్థం. దాన్ని పట్టుకోలేం. కానీ దాని రేణువులు రెండు ఎక్కడో ఢీకొని చచ్చిపోతే, ఆ చావులోంచి ప్రతికణాలు పుట్టి, విశ్వకిరణాల్లో కలిసి మన నెత్తిన రాలతాయి.

"చచ్చినోడు కనబడడు గనీ డప్పు సప్పుడు ఇనబడుతదన్నట్టు" అన్నాడు బుచ్చిమల్లు.

"అంతే. మనం వెతికేది ఆ డప్పునే."

ఆ డప్పు వినడానికి హైమవతి పదేళ్ళు కష్టపడి ఒక జిగురు కనిపెట్టింది. దాన్ని గాజుపలక మీద పల్చగా పూసి, పెద్ద బుడగకు కట్టి మబ్బుల పైకి వదులుతారు. ఆ జిగురులో ప్రతికణం వచ్చి ఆగి చస్తే అక్కడొక గాయం మిగులుతుంది. కిందికి దించాక చీకటిగదిలో ఊదా దీపం కింద పెడితే ఆ గాయం ఒక్కసారి చుక్కలా పూసి, ఆరిపోతుంది. మళ్ళీ పూయదు. కెమెరాలు పెట్టి చూశారు. కెమెరా తన వేడికి తానే మెరిసి, ఉన్న చుక్కనూ లేని చుక్కనూ కలిపేసింది. ఆ వెలుగును పట్టగలిగింది చీకటికి అలవాటుపడ్డ మనిషి కన్నొక్కటే.

"ఇంకో సంగతి" అంది హైమవతి. "ఈ ఊదా దీపం ఊరికే ఉండదు. రాత్రిచూపును కొంచెం కొంచెంగా తినేస్తుంది. ముందు నా కళ్ళే పెట్టాను. ఇప్పుడు పొద్దు వాలితే గోడ పట్టుకుని నడుస్తున్నాను. పగటిచూపుకేం కాదు. మీకు వద్దనిపించిన రోజు మానేయండి."

"తాడెక్కేటప్పుడు మోకు తెగితె మొత్తం మనిషే పోతడు మేడం. గిదెంత?"

ఆ ఏడాదంతా బుడగలు లేచాయి, పలకలు దిగాయి. బుచ్చిమల్లు నల్లగుడ్డ కప్పుకొని కూర్చుని పలక తరవాత పలక చూశాడు. ఒక్క చుక్క పూయలేదు. రోజూ చుక్క దించినవాడికి చుక్క దొరకని కాలం వచ్చింది. "పదార్థం కోసం చూస్తుంటె పరమార్థం దొరికేటట్టున్నది" అని క్యాంటీన్లో నవ్వించేవాడు గానీ, ఇంటికి వెళ్ళే దారిలో నవ్వు తగ్గుతూ వచ్చింది. పొద్దువాలిన ఒకరోజు ఇంటిముందు పడుకున్న మేకపిల్లను తొక్కాడు. ఇంకో రోజు వాకిట్లో బిందెను తన్నేశాడు.

"కండ్లు గుట్టమీద పెట్టొచ్చి ఇంట్ల దేవులాడుతె దొరుకుతయా?" అంది భార్య అనసూర్య, దొర్లిన బిందెను నిలబెడుతూ.

"దొరకకపోతె నీ కండ్లతోని చూస్త. నువ్వెట్లాగు నన్ను కంట్లె పెట్టుకొని చూసుకుంటవు గద."

"కంట్లె పెట్టుకుంటె నలుసైనవు" అంది అనసూర్య. నవ్వలేదు.

తెల్లవారుజామున తాళ్ళెక్కడం మానేశాడు. చెట్టెక్కితే లొట్టి ఎక్కడుందో తడుముకోవలసి వస్తోంది. తాతల నాటి మోకు గోడకు వేలాడదీశాడు. ఏమీ దొరకలేదు కాబట్టి కేంద్రాన్ని కూడా మూసేస్తారన్న మాట వినబడసాగింది.

అలాంటప్పుడు కార్తీకమాసం వచ్చింది. వీరేశం అయ్యప్ప మాల వేసుకొని, నల్లబట్టలతో, చన్నీళ్ళ స్నానం చేసి, చెప్పుల్లేకుండా గుట్టెక్కడం మొదలుపెట్టాడు. మాలలో ఉన్నవాడికి ఎదుటివాళ్ళంతా స్వాములే కనక హైమవతి కూడా స్వామే అయింది.

ఆ నెలలోనే ఒక మధ్యాహ్నం చీకటిగదిలోంచి బుచ్చిమల్లు గొంతు వినబడింది. ఎప్పుడూ అరిచి మాట్లాడే మనిషి గుసగుసలాడుతున్నాడు.

"మేడం. ఒకటి పూసింది."

"ఏం పూసింది?"

"సుక్క. తంగేడు పువ్వు లెక్కనే. ఐదు రేకులు. పూసింది, పోయింది."

హైమవతి తలుపు బయట నేల మీద కూర్చుండిపోయింది. లోపలికెళ్ళినా ఆమెకు ఏమీ కనబడదు. ఆ చుక్కను చూడగల ఆమె కళ్ళు ఎప్పుడో అయిపోయాయి. "మళ్ళీ చెప్పండి" అంది. బుచ్చిమల్లు మళ్ళీ చెప్పాడు. ఆ వారంలో ఇంకొన్ని పూశాయి. కేంద్రాన్ని మూసేయడానికి వచ్చిన పెద్దలు మిఠాయి తిని వెళ్ళారు. ఊళ్ళో అందరికీ చుక్కలు చూపించగల కులవృత్తివాడు చివరికి ప్రపంచానికే చుక్కలు చూపించాడని బుచ్చిమల్లే ప్రచారం చేసుకున్నాడు.

సంక్రాంతి దాటగానే చుక్కలు ఆగిపోయాయి. హైమవతి కంగారుపడలేదు. ఎండాకాలమంతా లెక్కలు కట్టి, అందరినీ కూర్చోబెట్టి, పళ్ళెంలో నీళ్ళు పోసి గోళీ తిప్పుతూ చెప్పింది. సూర్యుడు చీకటి పదార్థపు సముద్రంలో ఈదుతున్నాడు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతూ ఏడాదిలో కొన్నాళ్ళు ఆ ప్రవాహానికి ఎదురెళుతుంది. ఆ కాలంలోనే మనకు చుక్కలు దొరుకుతున్నాయి. "నిజమైతే మళ్ళీ అదే కాలానికి రావాలి."

మళ్ళీ కార్తీకం వచ్చింది. చుక్కలూ వచ్చాయి. దేశదేశాల వాళ్ళు గుట్టెక్కి, బుచ్చిమల్లుతో ఫొటోలు దిగి వెళ్ళారు.

కానీ ఆ కార్తీకం చివరి పలకల్లో బుచ్చిమల్లుకు ఏమీ కనబడలేదు. పలక మీద చుక్క పూసినా పూయకపోయినా ఆయనకు ఒకటే నలుపు కనబడుతోంది. హనుమకొండ కంటి డాక్టరు పరీక్ష చేసి, రాత్రిచూపు పూర్తిగా పోయిందనీ, తిరిగిరాదనీ చెప్పాడు. ఇప్పుడు ఇంకో మంచి కన్ను కావాలి. ఒకే మనిషి చూశానంటే లోకం నమ్మదు. ఇంకొకరు చూడాలి, ఏడాది పొడుగునా చూడాలి.

బుచ్చిమల్లు కూతురు రవళి జనగామలో డిగ్రీ అయిపోయి ఇంట్లోనే ఉంది. "బాపు చూసిన సుక్కలు నేను గూడ చూస్త" అంది.

"ఒక్క ఇంట్ల ఎంతమందిని గుడ్డోళ్ళను జేస్తరు?" అంది అనసూర్య. హైమవతి కూడా వద్దంది. ఎక్కడైనా వేరేవాళ్ళను చూద్దామంది.

అందరూ బుచ్చిమల్లు వంక చూశారు. ఊళ్ళో ఎవరి గొడవనైనా ఒక్క మాటతో నవ్వించి తేల్చే మనిషి ఆ పూట తలొంచుకొని కూర్చున్నాడు. తన కళ్ళు ఊరికే పోలేదని చెప్పడానికి ఇంకో జత కళ్ళు కావాలి. ఆ ముక్క పైకి చెప్పలేడు. "చూడనియ్యి" అన్నాడు భార్యతో. "కొన్ని రోజులే గద."

రవళి కళ్ళు తండ్రి కళ్ళకంటే చురుకైనవి. చీకటిగదిలో కూర్చున్న మొదటిరోజే పరీక్ష వెలుగులన్నీ పట్టేసింది. అయితే ఆమె కూర్చున్నది మాఘంలో. మాఘం నుంచి భాద్రపదం దాకా పలకలు ఖాళీ. లెక్క ప్రకారం చుక్కలు తగ్గాలి గానీ బొత్తిగా లేకుండా పోకూడదు. "బాపుకు కనబడ్డయి నాకెందుకు కనబడ్తలెవ్వు?" అనుకుంది. తన చూపులోనే లోపముందని భయపడి, ఎవరికీ చెప్పకుండా ఊదా దీపాన్ని కొంచెం పెంచింది. తరవాత ఇంకొంచెం.

మూడో కార్తీకానికి హైమవతి చుక్కలు ఎప్పుడు మొదలవుతాయో ముందే ప్రకటించింది. లోకమంతా చూస్తోంది. ఆ రోజులొచ్చాయి, బుడగలు లేచాయి, పలకలు దిగాయి. ఏమీ లేవు. వారం గడిచింది. ఇంకో వారం గడిచింది. రవళి దీపాన్ని మొత్తం పెంచేసి, కళ్ళు నీళ్ళు కారుతుంటే తుడుచుకుంటూ చూసింది. దాదాపు మూడు వారాలు ఆలస్యంగా ఒక్కసారి చుక్కలు కుప్పలుగా పూశాయి. రవళి పలక పట్టుకొని బయటికి పరిగెత్తుకొచ్చి, ఇన్నాళ్ళూ దీపం పెంచి చూసిన సంగతి కూడా చెప్పేసింది. హైమవతి ఆమెను గట్టిగా పట్టుకొని చాలాసేపు వదల్లేదు.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో లడ్డూలు పంచారు. వీరేశం మాలలో ఉన్నాడు కనక ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నం విస్తరిలో పెట్టుకొని దూరంగా కూర్చున్నాడు. ఆలస్యానికి కారణమేమిటని ఒకరినొకరు అడుగుతున్నారు. బుచ్చిమల్లు లడ్డూ కొరుకుతూ అందుకున్నాడు.

"ఏమున్నది మేడం. ఈ యేడు అధిక శ్రావణం వచ్చింది గద. పండుగలన్ని ఎనుకకు జరిగినయి. మీ సుక్కలు గూడ పంచాంగం జూసుకొనే బయలుదేరుతున్నయి."

అందరూ నవ్వారు. "అధికమాసం మీద అధికప్రసంగం చాలుగనీ తిను బాపు" అంది రవళి.

హైమవతి నవ్వలేదు. చేతిలో లడ్డూ అలాగే ఉంది.

"భూమికి అధికమాసం లేదండీ" అంది మెల్లగా. "సూర్యుడికీ లేదు. పంచాంగం మనిషిది." లడ్డూ బల్ల మీద పెట్టేసి, "ఈ గుట్ట మీద పంచాంగం చూసుకొని మొదలై, పంచాంగం చూసుకొని ఆగేది ఏముంది?" అని అడిగింది.

చూపులన్నీ ఒక్కొక్కటిగా దూరంగా కూర్చున్న నల్లబట్టల వైపు తిరిగాయి. వీరేశం ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. "ఏంది స్వామీ?"

ఆమె అతన్ని జిగురుగదిలోకి తీసుకుపోయింది. బుచ్చిమల్లు కూడా వెనకే వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"స్వామీ, మాలలో ఉన్నప్పుడు జిగురు ఎలా కాస్తున్నారు?"

"ఎప్పటి లెక్కనే స్వామీ. మందులన్ని మీరు చెప్పిన పాళ్ళె. జెలటిన్ ఒక్కటే ఏస్తలేను. అది పశువుల ఎముకలది గద. దీక్షల ముట్టొద్దు."

"దాని బదులు?"

"చైనాగ్రాస్ స్వామీ. మా ఇంటామె పాలజెల్లీ దాంతోనే చేస్తది. సముద్రం నాచుతోని చేస్తరట, శుద్ధమైంది. జెలటిన్ కంటె గట్టిగ పేరుకుంటది. మాల తీసినంక మళ్ళ పాతదే ఏస్త." ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. "అడిగితె చెప్పేటోన్నే స్వామీ. ఎవలూ అడుగలె."

నిజమే. దీక్షలో ఉన్నవాడు అబద్ధమాడడు. అడగడమే ఎవరికీ తోచలేదు. చుక్కలు పూస్తుంటే చేతులు జోడించారు గానీ చేతులు ఏం కలిపాయో చూడలేదు.

హైమవతి వీరేశం చేత చైనాగ్రాస్‌తో ఒక పలక పూయించింది. దాన్ని బుడగకు కట్టలేదు. సీసపు పెట్టెలో పెట్టి, నేలగదిలో దాచింది. పైకి వెళ్ళొచ్చిన పలకలెన్ని రోజులు ఉంటాయో అన్ని రోజులూ ఉంచి, తీసి, బుచ్చిమల్లు చేతిలో పెట్టింది.

"చూడాల్సింది రవళే. ఇంకెవరికీ కళ్ళు లేవు. ఇది ఎక్కడిదో చెప్పకూడదు. చెబితే చూపు మనసు మాట వింటుంది."

"దీపం తక్కువ పెట్టి చూస్తదా మేడం?"

"తక్కువ పెట్టి చూడమనే చెప్పండి. ఇదొక్కటే. ఆ తరవాత ఇంకేదీ వద్దు."

పలక తీసుకొని బుచ్చిమల్లు చీకటిగది దాకా నడిచాడు. ఒక్కటి పూసినా ఇన్నాళ్ళ చుక్కలన్నీ అబద్ధమైపోతాయి, పూయకపోతే బిడ్డ మళ్ళీ తన చూపునే అనుమానిస్తుంది. ఏది కోరుకోవాలో తేలక, చివరికి ఖాళీగా రావాలనే కోరుకున్నాడు. ఖాళీగా వస్తే చుక్కలు నిజంగా పైనుంచే వస్తున్నట్టు. ఆయన కళ్ళు, బిడ్డ కళ్ళు ఆకాశానికి పోయినట్టు. రవళికి పలక ఇచ్చి బయట బల్ల మీద కూర్చున్నాడు.

ఎంతోసేపు పట్టలేదు. లోపలినుంచి రవళి నవ్వు వినబడింది.

"బాపు, పూసినయి. గుత్తులు గుత్తులు. దీపం తక్కువ పెట్టినా కనబడుతున్నయి. నా కండ్లు మంచిగనే ఉన్నయి బాపు. ఏ బుడగది ఇది?"

బుచ్చిమల్లు లేచి తలుపు దగ్గరికి వెళ్ళాడు. "మేడం చెప్తది బిడ్డా" అన్నాడు.

ఆ సాయంత్రం హైమవతి గుట్ట మీద ఉన్న అందరినీ క్యాంటీన్లోకి పిలిపించింది. అనసూర్యను కూడా రమ్మని కబురు పెట్టింది. పొద్దు వాలుతోంది. రవళి లోపలికి వస్తూ రెండు కుర్చీలు తన్నుకొని, మూడోది చేత్తో తడిమి కూర్చుంది. అనసూర్య అది చూసింది. చూసి, బుచ్చిమల్లు వంక తిరిగింది.

హైమవతి నిలబడే చెప్పింది. మూడేళ్ళుగా పూసిన చుక్కలు ఆకాశానివి కావు. చైనాగ్రాస్‌లో సముద్రపు ఉప్పు రవ్వలు మిగిలుంటాయి. ఊదా దీపం పడితే అవే పగిలి, చుక్కల్లా పూస్తాయి. వీరేశం మాల వేసుకున్నప్పుడు మొదలయ్యాయి, మాల తీసేశాక ఆగాయి. అధికమాసం వచ్చి మాల వెనక్కి జరిగితే చుక్కలూ వెనక్కి జరిగాయి. ఇవాళ రవళి చూసిన పలక అసలు గడప దాటలేదు.

"మరి ఎండాకాలం పలకలు?" అని అడిగింది రవళి. "నాకేం కనబడనియి?"

"అవే నిజం తల్లీ. నువ్వు సరిగ్గానే చూశావు. వాటిలో ఏమీ లేవు."

"లేవని అయితె చెప్పొచ్చు గద మేడం. లేవని తెలుసుడు గూడ తెలుసుడే అని మీరే అంటరు."

"చెప్పలేం. కార్తీకం పలకలన్నీ పాడయ్యాయి. ఎండాకాలంవి దీపం పెంచి చూశావు. నిజంగా ఒకటో రెండో ఉన్నా ఆ వెలుగులో మాడిపోయి ఉంటాయి. ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. మళ్ళీ మొదటినుంచి చూడాలంటే కళ్ళు కావాలి. నేను ఇంకెవరినీ అడగను. రేపు దీపం తీసేయిస్తున్నాను."

ఎక్కడో ఒక కుర్చీ కిర్రుమంది. వీరేశం లేచి వచ్చి హైమవతి కాళ్ళ మీద పడబోయాడు. ఆమె వెనక్కి జరిగింది. "మీ తప్పు కాదు స్వామీ. అడగని తప్పు నాది. కానీ ఒకటి చెప్పండి. ఇంతకుముందెప్పుడూ మీరు మాల వేసుకోలేదు కదా. ఈ మూడేళ్ళూ వరసగా ఎందుకు వేసుకున్నారు?"

వీరేశం మెడలో మాల పట్టుకొని నిలబడ్డాడు.

"మొక్కా?" అంది ఆమె.

"మొక్కే స్వామీ."

"ఏం మొక్కినవు తమ్మీ?" అన్నాడు బుచ్చిమల్లు, గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పి.

"నీ కండ్ల కోసమే అన్నా. మొదటి యేడు నీకు రేచీకటి పట్టిందని మొక్కిన. రెండో యేడు ఇంక తగ్గలేదని మొక్కిన." వీరేశం రవళి వైపు చూసి, చూపు దించుకున్నాడు. "ఈ యేడు బిడ్డకు గూడ మొదలైందని మొక్కిన."

క్యాంటీన్లో అందరూ అలవాటు కొద్దీ బుచ్చిమల్లు వంక చూశారు. ఏదో ఒక మాట విసిరి ఈ బరువు దించుతాడని చూశారు. ఆయన నోరు తెరిచాడు. మాట కోసం చీకట్లో లొట్టిని తడుముకున్నట్టు తడుముకున్నాడు. చివరికి దొరికిందేదో అదే అన్నాడు.

"ఇగ మాకోసం ఏం మొక్కకు తమ్మీ."